అడిగినోనికి దొరికిన దరువు

పట్నంల రెండు రోజులు డోలు, తబలా, డప్పుల మీద ముచ్చట పెడుతున్నరని, పెద్ద పెద్ద వాయిద్యగాళ్లు వచ్చి చేతులు పట్టి చూపిస్తరని చెప్పినవు గదా బిడ్డా. పో, తప్పకుండ పో. అడగందే అమ్మయినా పెట్టదంటరు. అయితే బండెక్కే ముందు ఇట్ల కూసో. సలిమంట ఇప్పుడిప్పుడే అంటుకున్నది, నీకు తొందర ఉన్నా నాకు లేదు. ఆ ఫోను జేబుల పెట్టు. మన నస్పూర్ల మేం ఎవలను ఎట్ల అడిగి నేర్చుకున్నమో విని పోతే, అక్కడ ఏం అడగాల్నో నీకే తెలుస్తది.

ఇప్పుడు నువ్వు చూసే సీసీసీ కార్నర్, క్వార్టర్లు, రోడ్డు మీద లారీల రొద, ఇవేవీ లేనప్పుడు ఇది పల్లె. కోతలయి, వడ్లు ఇంటికి చేరి, మనుషుల మొఖాలు జర తేటపడ్డంక చిరుతల రామాయణం పంతులు ఊర్లకు వచ్చేటోడు. మన కరీంనగర్ దిక్కు, గోదారికి ఈ పక్క ఆ పక్క, చిరుతలు ఆడని ఊరు లేకుండె. చిరుతలంటే తెలుసునా? తెల్వదు. పట్టి చూడకముందే నువ్వు కరెంటు డ్రమ్ములు కొన్నవు. చిరుతలంటే కట్టె బద్దల జోడు, నడుమ ఇత్తడి బిళ్లలు. వేళ్ల నడుమ పట్టుకొని కొడితే కట్టె చప్పుడు, బిళ్ల చప్పుడు రెండూ ఒక్కతాపనే వస్తయి. ఇరవై మంది గుండ్రంగ తిరుగుకుంట కొడితే ఆ చప్పుడు పక్క ఊరికి వినపడేది.

పంతులును ఊరంత కలిసి మాట్లాడుకునేది. ఇన్ని బస్తాల వడ్లు, ఒక జత ధోవతులు, వంతుల వారీగ ఇంటికో పూట తిండి. చేతుల పడే పైసలు తక్కువ. ఈ తిండి వంతులతోనే తమాషా మొదలయ్యేది. కోడికూర పెట్టిన ఇంటి పిలగాడు రెండు రోజులు రాముని పాట పాడేటోడు. పచ్చిపులుసు పెట్టిన ఇంటి పిలగాడు కోతుల గుంపుల కలిసేటోడు. పంతులు మంచోడే, కాని కడుపు అందరికీ ఉంటది గదా. నెల తిరిగేసరికి మాత్రం గొంతు ఎవలికుంటే వాళ్లకే రాముని వేషం పోయేది. కూర ఎంత మంచిగున్నా సభల పరువు పంతులుదే. ఒక తల్లి తన కొడుకు సీత వేషం కట్టడని పంతులు హార్మోని పెట్టెను తీసుకపోయి వాకిట్ల పెట్టింది. ఊరు ఊరంత బతిమాలితే ఒప్పుకున్నది. పట్టాభిషేకం నాడు అదే తల్లి ముందు వరుసల కూసోని, కొడుకు మొఖం చూసి కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

నేర్పుడు ఎట్లుండెనో చెప్త, అదే అసలు సంగతి. మొదటి వారం పాట లేదు, మాట లేదు. కందిలి వెలుతురుల గుండ్రంగ నడువుడే. కుడికాలు, ఎడమకాలు, చిరుత. రెండో వారం నోటితోని దరువు చెప్పించేటోడు. నోటికి రానిది చేతికి ఇయ్యకపోయేది. ఆ తర్వాతనే పాట. పిల్లలల్ల సగం మందికి అక్షరం ముక్క రాదు, అయినా నెలన్నరల రామాయణం మొత్తం పొల్లు పోకుండ పాడేటోళ్లు. గ్యాస్‌లైటు కిరాయికి తెచ్చేది ఆట రోజులల్లనే, నేర్చుకునే రోజులల్ల అంత సోకు ఎవలకున్నది? మర్యాదలు మాత్రం మొదటి రోజు నుంచే. చిరుతలు కండ్లకద్దుకొని పట్టాలె. మద్దెలను దాటి పోవద్దు. హార్మోని మీద చాయ్ గ్లాసు పెట్టొద్దు. పెట్టినోడు మర్నాడు అందరికంటె ముందు వచ్చి వాకిలి ఊకాలె.

ఇగ బొగ్గు బాయిలు వచ్చినయి. సింగరేణి కంపెనీ 1920ల పెట్టిందే అయినా ఈ జాగలల్ల ముందుగాల అటు బెల్లంపల్లి దిక్కు తవ్విన్రు, మన శ్రీరాంపూర్ దిక్కు రావడానికి చాన ఏండ్లు పట్టింది. వచ్చినంక మనుషులు ఒక్క దిక్కుకెల్లి రాలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెలకెల్లి, కోస్తా దిక్కుకెల్లి, పైన ఉత్తరాదికెల్లి వచ్చిన్రు. ఒక్కొక్కడు ఒక సంచి, ఒక బొంత, ఒక పాట తెచ్చుకున్నడు. సంచి చినిగింది, బొంత పాతదైంది, పాట మిగిలింది. ఫస్ట్ షిఫ్టు దిగొచ్చినోళ్లు స్నానాలు చేసి, క్వార్టర్ల అరుగుల మీద చేరి మాపటీలి మొదలుపెడితే, సెకండ్ షిఫ్టోళ్లు బాయికెల్లి వచ్చేదాక నడిచేది. నైట్ షిఫ్టు పోయేటోడు మాత్రం మంచి పాట నడిమిట్ల లేచి, టోపీ పెట్టుకొని, తిట్టుకుంట పోయేటోడు.

మాకు తెలిసింది మద్దెల. ఉత్తరాదోళ్లది ఢోలక్. రెండింటికీ ఎడమ దిక్కు మూతిది లావు గొంతే, కాని ఆ గొంతులల్ల తేడా ఉన్నది. మావోళ్లు వాయించే ముందు ఎడమ దిక్కు రవ్వ తడిపిన ముద్ద అంటించి, అయిపోయినంక గీకేసేటోళ్లు. ఢోలకుకు ఆ మసాలా తోలు లోపలి దిక్కే ఉంటది, తియ్యంగ పెట్టంగ లేదు. ఇంకొకటి ఏందంటే, వాళ్లు ఎడమ అరచెయ్యి మడిమెను తోలు మీద ఒత్తి జరిపితే ఆ శబ్దం కిందికెల్లి పైకి లేచొచ్చేది. ఈ సంగతి నాకు ఎట్ల తెలిసింది? ఒక కోల్ ఫిల్లర్ పక్కపొంటి కూసోని అడిగితే తెలిసింది. ఆయనకు తెలుగు అంతంత, నాకు హిందీ అంతంత. ఆయన నా చెయ్యి పట్టి తన ఢోలకు మీద పెట్టి ఒత్తిండు. అంతే, పాఠం అయిపోయింది. ఫీజు ఒక కట్ట బీడీలు. పట్నంల నువ్వు కట్టే రుసుము వింటే ఆయన బీడీ ఆరిపోయేది.

హార్మోని సంగతి చెప్పకుంటే ఈ ముచ్చట కాలు విరిగినట్టే. ఎక్కడో ఫ్రాన్స్‌ల పుట్టిన పెట్టె అది. అక్కడ కాళ్లతోని తిత్తి తొక్కి, కుర్చీల కూసోని వాయించేది. కలకత్తాల ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూసోని ఒక చేత్తో తిత్తి కొట్టి, ఇంకో చేత్తో మెట్లు ఒత్తేటట్టు చేసిండు. అక్కడికెల్లి అది నాటకాలకు, భజనలకు, మన చిరుతలకు పాకింది. కాని రేడియోల 1940ల దాన్ని బంద్ పెట్టిన్రు. 1971 దాక బంద్! ఎందుకంటె, మన పాటల ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుకుంట పోయేది ఉంటది, ఊగేది ఉంటది. హార్మోని మెట్టు ఒత్తితే ఎంత పలకాల్నో అంతే పలుకుతది, ఊగదు. వద్దన్న పెద్దలు చెప్పింది అబద్ధం కాదు. అయినా పల్లెల గొంతు నిలవడానికి, శ్రుతి పట్టుకోవడానికి అంత అగ్గువ తోడు ఇంకోటి దొరకలేదు. నా మాట అడిగితే, హార్మోని లేకపోతె సగం ఊర్లకు శ్రుతి అంటే ఏందో తెలిసేదే కాదు. మా భజన గుంపు హార్మోని కొననీకి ఒక్కని జీతం సరిపోలే. నెలనెల ఇన్ని పైసలని చందా ఏసుకొని, దసరా బోనస్ పడ్డంక కొన్నరు. కొన్నంక అది ఎవలింట్ల ఉండాల్నని ఆర్నెల్లు పంచాయితీ. సంగీతం కోసం కలిసినోళ్లు పెట్టె కోసం మాట్లాడుకోకుండ తిరిగిన్రు. చివరికి గుడిల పెట్టిన్రు, దేవుడు పంచాయితీ పెట్టడు గనుక.

రేడియో అంటున్న గదా, దాని ముచ్చట కూడ విను. అప్పుడు రేడియో ఉంటే పోస్టాఫీసుల ఏటేటా లైసెన్సు పైసలు కట్టాలె. అందుకని వాడకు ఒకటో రెండో ఉండేటివి. చాయ్ హోటల్ల ఒకటి ఉండె. చాయ్ పదిహేను పైసలు, ఒక్క చాయ్ మీద గంట కూసున్నా సేటు ఏమనకపోయేది, రెండు గంటలైతే మాత్రం బల్ల తుడిచినట్టు చేసి నీ మోచెయ్యి తుడిచేటోడు. విజయవాడ స్టేషన్ 1948ల పెట్టింది. గాలి మంచిగున్ననాడు ఇక్కడి దాక పలికేది. అండ్ల సంగీత శిక్షణ అని వచ్చేది. వోలేటి వెంకటేశ్వర్లు గారు నేర్పేటోళ్లు. కీర్తనను ముక్కలు ముక్కలుగ విడగొట్టి, ఒక్కో ముక్క పాడి, పాడించేటోళ్లు. అక్కడ స్టేషన్ల నేర్చుకునేటోళ్లు పాడితే, ఇక్కడ మేం వాళ్ల ఎంబడి పాడేది. హోటల్ సేటు గిలాసలు కడుక్కుంట పాడేటోడు, ఆయన గొంతే మా అందరికంటె నయం. అంత పెద్ద విద్వాంసుడు సభల దుంకి దుంకి పాడచ్చు, కాని ఇక్కడ ఎక్కడెక్కడి పిల్లలకోసమో సంగతి విప్పి, నెమ్మదిగ, మళ్ల మళ్ల చెప్పిండు. వాయించి చూపుడు వేరు బిడ్డా, విప్పి చూపుడు వేరు. మొదటిదానికి చప్పట్లు కొడతం. రెండోదానికి దండం పెట్టాలె.

విప్పి చూపినోళ్ల మాట వచ్చింది గనుక నాజర్ సంగతి కూడ చెప్పాలె. ఇది నేను చూసింది కాదు, పెద్దోళ్లు చెప్పంగ విన్నది. 1943ల ప్రజానాట్యమండలి పుట్టింది. గుంటూరు దిక్కు పొన్నెకల్లుల పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను కొత్త తీరుగ దిద్ది, ఎన్నో దళాలకు నేర్పిండు. నడిమిట్ల తంబుర పట్టిన కథకుడు, పక్కల ఇద్దరు గుమ్మెటలోళ్లు. ఒకడు నవ్వించేటోడు, ఇంకొకడు లోకం మాట చెప్పేటోడు. ముగ్గురికీ మూడు పనులు, ఒక్కటే దరువు. 1986ల ఆయనకు పద్మశ్రీ ఇచ్చిన్రు. ప్రజానాట్యమండలి తర్వాత 1972ల జననాట్యమండలి వచ్చింది, గద్దర్ వచ్చిండు. ఆ రాజకీయాల మంచి చెడ్డలు ఇప్పుడు తియ్య, తీస్తే తెల్లారుతది. పాట కట్టిన తీరు మాత్రం చూడు. ఒక్కతాప వింటే రెండో తాప గుంపు అందుకునేటట్టు పల్లవి, దాని ఎంబడి డప్పు, కాలికి గజ్జె, భుజాన గొంగడి. మన బొగ్గు బాయిల దిక్కు ఆ పాట తెల్వని ఇల్లు లేకుండె. 2023 ఆగస్టుల ఆయన పోయిననాడు మా వయసోళ్లందరికీ ఏదో ఒక పాట గొంతుల అడ్డం పడ్డది.

నిద్రొస్తున్నదా? ఇంకా ఒగ్గు కాడికే రాలేదు. లేచి ఆ మంటల రెండు పుల్లలు ఏసి రా, నిద్ర పోతది.

ఒగ్గు కథ మనది. వేములవాడ పక్కపొంటి హన్మాజీపేట మిద్దె రాములు, జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య, ఈ ఇద్దరి పేర్లు వినకుండ డోలు ముట్టుకుంటే తప్పు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రంత చెప్పేటోళ్లు. సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది, 2017ల కాలం చేసిండు. నేను ఒకసారి దేవుని పట్నాలేసే కాడ ఒగ్గోళ్ల గుంపు చూసి ఆశ్చర్యపోయిన. కథకుడు మాట ఎక్కడ ఆపుతడో ఎవలికీ తెల్వదు, అయినా డోలు, తాళం, కంజీర ఒక్క గడియల తెగిపోతున్నయి. తెల్లారినంక డోలు కొట్టిన పెద్దమనిషిని చెట్టు కింద పట్టుకొని అడిగిన. నవ్విండు. “మాట వినకు, భుజం చూడు” అన్నడు. కథకుడు మాట ఆపే ముందు కుడి భుజం రవ్వంత కిందికి దిగుతదట. వీళ్లంత రాత్రంత ఆ భుజం మీదనే కన్నేసి ఉంటరు. ఆ తర్వాత నేను ఎన్ని ఆటలు చూసినా మొఖాలు చూడలే, భుజాలు చూసిన. పుస్తకంల రాసే సంగతా ఇది? తాళం లెక్క రాస్తరు, భుజం లెక్క ఎవలు రాస్తరు?

డప్పు కూడ అంతే. మ్యాకతోలు కట్టెచట్రానికి బిగిస్తరు. కుడి చేతిల సిర్ర, ఎడమ చేతిల సిటికెన పుల్ల. కొట్టే ముందు గడ్డి మంట మీద కాపుతరు, కాగితే తోలు బిగిసి ఖణేలుమంటది. ఎంతసేపు కాపాల్నో గడియారం చెప్పదు. చలికాలం ఎక్కువ, ఎండకాలం తక్కువ, ముసురుల మళ్ల మళ్ల. వేలుతోని కొట్టి విని తెలుసుకోవాలె. పెండ్లికో దరువు, జాతరకో దరువు, సావుకో దరువు. దూరంకెల్లి వింటేనే ఏ ఇంట్ల ఏం జరుగుతుందో ఊరికి ఎరుకయ్యేది. ఆ డప్పు కొట్టినోన్ని ఊరు అరుగెక్కనియ్యలేదు. దరువు కావాలె, మనిషి వద్దు. ఇంత పెద్ద విద్యను చేతుల పెట్టుకొని, మంది ఇంటి ముందట ఎడంగ నిలబడి కొట్టిన మనుషులు వాళ్లు. పట్నంల డప్పు మీద ముచ్చట పెట్టేటోళ్లు ఈ సంగతి కూడ చెప్తరా అడుగు. చెప్పకపోతె నువ్వు చెప్పు.

అడిగితే దొరుకుతది అన్న గదా, దొరకని కాడ కూడ ఉంటది. అటు ఉట్నూరు దిక్కు గోండుల ఊర్లు. వాళ్ల కథలు పాడేది ప్రధానులు, తోటీలు. చేతిల కిక్రి, గుర్రం వెంట్రుకల కమానుతోని తీగల మీద రాస్తే పలుకుతది. అది మనిషి గొంతులెక్కనే ఉంటది. వాళ్ల పెద్దదేవుని పూజల కాడ, వాళ్ల ఇండ్ల శుభాల కాడ దానికొక వేళ ఉన్నది. “ఊకెనే ఒక ముక్క వాయించు తాతా” అంటే వాయించరు. వాయించమని పీడించుడు మన దిక్కు మర్యాద తప్పుడు. దీపావళికి దండారి ఆడంగ పోయి చూడు. నెమలి పురుల టోపీలతోని గుస్సాడీలు, గుమేల, డోలు, పెప్రె. అప్పుడు వాళ్లే కూసోబెట్టి వినిపిస్తరు, అంబలి పోస్తరు. మార్లవాయి కనకరాజు ఆ గుస్సాడీ ఆటను ఢిల్లీ దాక తీసుకపోయిండు, ఎంతో మంది పిల్లలకు నేర్పిండు. 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరుల పోయిండు. అదే మార్లవాయిల 1940లల్ల హైమెండార్ఫ్ దొర కాపురం పెట్టి, గోండుల నడుమ ఉండి, వాళ్ల బతుకు రాసిండు. ఎక్కడో ఐరోపాకెల్లి వచ్చినాయన వాళ్ల ఇండ్ల ముందట ఏండ్లకేండ్లు కూసోని విన్నడు, నువ్వు ఒక్క ఆదివారం కూసోలేవా?

సరే, నీ పట్నం ముచ్చటకు వస్త. అట్ల విప్పి చెప్పే సభలు కొత్తవి కావు. విజయనగరంల 1919లనే మహారాజా సంగీత కళాశాల పెట్టిన్రు, ఆదిభట్ల నారాయణదాసు దానికి పెద్ద. ద్వారం వెంకటస్వామి నాయుడు అండ్ల విద్యార్థిగ చేరదామని పోతే, వాయించమని విని, పంతులుగనే పెట్టుకున్నరని చెప్తరు. మద్రాసుల 1927ల కాంగ్రెసు సభల ఎంబడి సంగీత సభ పెట్టిన్రు, మరుసటేడు మ్యూజిక్ అకాడమీ వచ్చింది. అక్కడ డిసెంబరుల మాపు కచేరీలు, పొద్దుగాల మాత్రం విద్వాంసులు కూసోని ఒక రాగమో ఒక తాళమో తీసుకొని పాడి చూపుకుంట వాదించుకుంటరు. 1941ల ఆ సభలకు మన ద్వారం వారే అధ్యక్షుడు. పిల్లల కాడికి కళాకారులను తీసుకపోయే స్పిక్ మెకే 1977ల మొదలైంది. హైదరాబాదుల రాంకోటి సంగీత కళాశాల ఉన్నది, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉన్నది. బంజారాహిల్స్‌ల లామకాన్ 2010ల తెరిచిన్రు. చెట్ల కింద అరుగుల మీద కూసోని పాట, మాట, నాటకం అన్నీ నడుస్తయి. చాయ్ అగ్గువ, కూసున్నోన్ని లెమ్మనరు. అది నాకు నచ్చింది.

నచ్చనిది కూడ చెప్త. మందెక్కువైతే మజ్జిగ పలుచనంటరు. వంద మందిని కూసోబెట్టి మైకుల చెప్తే చెయ్యి కనపడదు, చెయ్యి కనపడకపోతె డోలు ముచ్చట ఎందుకు? ఇగ ప్రశ్న అడుగుడు. ఒకడు లేచి తన గురువు పేరు, తను పోయిన ఊర్ల పేర్లు అన్నీ చెప్పి, చివరికి ప్రశ్న మరిచిపోతడు. ఇంకొకడు మొత్తం ఫోన్ల పట్టుకుంటడు, ఇంటికి పోయి ఒక్కతాప చూడడు. నువ్వు అట్ల చెయ్యకు. చేతులకు దగ్గర, ఎడమ దిక్కు కూసో, ఎడమ చెయ్యే ఎక్కువ సంగతులు చెప్తది. ఒక్కటే అడుగు. “మీ ఎడమ మడిమె ఎప్పుడు లేపుతరు” అని అడుగు, లేకపోతె “తాళం తప్పినోన్ని మీ ఎంబడి వాయించేటోడు ఎట్ల అందుకుంటడు” అని అడుగు. చెప్పినదాన్ని రాసుకోకు, అక్కడే తొడ మీద కొట్టి చూడు. మర్నాడు పొద్దుగాల పక్కింటోడు తిట్టినా సరే వాయించు. పాడగా పాడగా రాగమన్నరు, మూలుగగా మూలుగగా రోగమన్నరు. నువ్వు రెండో పని మంచిగ చేస్తవు, మొదటిది కూడ జర అలవాటు చేసుకో.

ఇంకొకటి. వచ్చినోళ్లల్ల మంచి చేతులు గలోడు ఎవరన్న ఉంటే, ఫోను నంబరు అడిగి తీసుకో. మన దిక్కు చిరుతల దరువులు మొత్తం తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నరు, పింఛను తీసుకొని మనుమండ్లను ఆడించుకుంట. డప్పు కాపి కొట్టే చేతులు ఉన్నయి. వాళ్లను పట్నం పిలిస్తే రారు, మోకాళ్లు ఊకోవు. పట్నమోళ్లనే ఇక్కడికి తోలుకరా. ఒక ఆదివారం, ఇరవై మందికి మించకుండ, మైకు లేకుండ, మా ఇంటి ముందటి వేపచెట్టు కింద. మందిని అరుగెక్కనియ్యని రోజులు మన కాడ ఉండద్దు, అందరూ ఒక్క చాప మీదనే కూసోవాలె. డప్పు కాపడానికి గడ్డి నేను తెప్పిస్త. జొన్నరొట్టె, పచ్చిపులుసు మీ పెద్దమ్మ చేస్తనన్నది. బండి కిరాయి మాత్రం మీ పోరగాండ్లే ఏసుకోండ్రి, వచ్చే పెద్దలకు శాలువలు వద్దు, చేతుల ఎన్నో కొన్ని పైసలు పెట్టుండ్రి. చిరుతల పంతులుకు మా ఊరు బస్తాల లెక్క వడ్లు కొలిచిచ్చింది, మీరు అంతకన్న తక్కువ ఇస్తే నేను ఊకోను.